పొట్టి దేవదారుకి పక్క క్రాపు

ముప్పై ఒక్క ఏళ్ళుగా వీధి మలుపులో సెలూను నడుపుతున్న మనిషిని ఊరికే పేరు పెట్టి పిలవడం ఆ వృత్తికి అగౌరవమని వీధి వీధంతా ఎప్పుడో తీర్మానించుకుంది. అందుకని ఆయన్ని అందరూ కత్తెరాయన అనే అంటారు. మనిషి పొట్టి, సన్నం. చొక్కా జేబులో దువ్వెన, ప్యాంటు జేబులో చిన్న కత్తెర, నాలుక చివర అభిప్రాయం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆయన లెక్కలో ప్రపంచంలో మనుషులు రెండు రకాలు: తల సమంగా ఉన్నవాళ్ళు, ఇంకా తన కుర్చీలో కూర్చోనివాళ్ళు.

ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన చేతిలో నష్టపోయినవాళ్ళు లేకపోలేదు. పెళ్ళిచూపులకి వెళ్ళవలసిన ఒక గుమాస్తా ఒక చెవి పైన ఒకలా, రెండో చెవి పైన ఇంకోలా బయటపడి, అద్దం ముందు నిలబడిపోయిన రోజులున్నాయి. అలాంటప్పుడు కత్తెరాయన తువ్వాలు దులిపి, తాపీగా, "పెరుగుతుంది లెండి" అనేవాడు. డాక్టరు తప్పు చేస్తే మనిషి పోతాడు, మేస్త్రి తప్పు చేస్తే గోడ పోతుంది, తాను తప్పు చేస్తే మాత్రం మూడు వారాలు పోతాయి, అంతే. సృష్టిలో ఇంత క్షమాగుణం ఉన్న పని ఇంకోటి లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆయన హాయిగా తిన్నాడు, నిద్రపోయాడు, సంసారం చేశాడు.

ఈ కథలో ఆయనకి జరిగిన ఘోరం ఆ నమ్మకానికి సంబంధించినదే.

కత్తెరాయనకి ఒక్కతే అక్క. సెలూనుకి ఎదురింట్లోనే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో సూపర్‌వైజరుగా పనిచేసి తొమ్మిదేళ్ళ కిందట రిటైరైంది. చెవికి ఫోను తగిలించుకుని జీవితమంతా గడిపిన మనిషి కాబట్టి, ఆవిడ మాటలు పొదుపుగా వాడుతుంది, ఎదుటివాళ్ళ మాటల్ని మాత్రం గింజ గింజా ఏరి చూస్తుంది. రిటైరైన రోజున తోటి ఆపరేటర్లందరూ కలిసి ఆవిడకి గోడగడియారం కాకుండా ఒక మొక్కని బహూకరించారు. దాని మెడకి కట్టిన చీటీ మీద నాలుక తిరగని శాస్త్రీయ నామం ఒకటి ఉండేది. వీధి దాన్ని పొట్టి దేవదారు అంది. సూదుల్లాంటి సన్నని ఆకులు, ఏడాది పొడవునా పచ్చదనం, బోర్లించిన గరాటు ఆకారం. ఏటా రెండంగుళాలకి మించి పెరగదు. తెచ్చినప్పుడు మోకాలి ఎత్తు ఉండేది, తొమ్మిదేళ్ళ నిష్ఠ తరవాత నడుము దాకా వచ్చింది. వీధి వైపు గది మెట్ల పక్కన, గోడకి ఆనించిన పెద్ద సిమెంటు తొట్టిలో, కాపలా సిపాయిలాగా నిలబడి ఉంటుంది. కవాతులో ఉన్న సిపాయికైనా ఎప్పుడో ఒకప్పుడు చొక్కా నలుగుతుందేమో గానీ, ఆ పొద మీద ఒక్క ఆకు అటూ ఇటూ జరిగిన దాఖలా లేదు. పాత ఆపరేటర్లతో ఫోనులో మాట్లాడేటప్పుడు అక్కగారు తన మోకాళ్ళ గురించి ఒక నిమిషం, దేవదారు గురించి పది నిమిషాలు చెప్పేది.

ఇక కత్తెరాయనకి ఆ వీధి వైపు గది కావలసి వచ్చింది.

సెలూను ఉన్న భవనం గోడ మీద ఒక ఉదయం ఎర్ర రంగుతో గుర్తు వేసి వెళ్ళారు. రోడ్డు వెడల్పు చేస్తారట. ఆ గుర్తు సరిగ్గా సెలూను అద్దం మధ్యలోంచి పోతుంది. వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. వీధిలో ఇంకో గది లేదు, వీధి దాటితే కత్తెరాయన అంటే ఎవరో ఎవరికీ తెలియదు. మిగిలిందల్లా అక్కగారి గది ఒక్కటే. బీరువాలు రెండు, విరిగిన ఉయ్యాల బల్ల ఒకటి తప్ప అందులో కాపురమున్నవాళ్ళెవరూ లేరు.

అడిగాడు. అక్కగారు లైను కలుపుతున్నదానిలాగా చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"రెండు కళ్ళకీ ఆపరేషనుంది. చిన్నమ్మాయి ఇంట్లో నలభై రోజులుంటాను. ఇల్లు నీకు అప్పజెబుతున్నా. తిరిగొచ్చాక ఇల్లు ఎలా ఉందో చూసి గది సంగతి చెబుతా."

"ఇల్లు అద్దంలా ఉంచుతానక్కా!"

"అద్దంలా వద్దు, ఇల్లులా ఉంచు. దేవదారుకి రోజు విడిచి రోజు నీళ్ళు. అంతే. చెయ్యి పెట్టకు."

"నేనెందుకు పెడతానే?"

"ఒరేయ్, నా జడ మర్చిపోయావా?"

మర్చిపోయే అవకాశం ఆవిడ ఎన్నడూ ఇవ్వలేదు. కత్తెరాయనకి ఏడేళ్ళప్పుడు, బళ్ళో బహుమతి తీసుకోబోయే రోజు పొద్దున, నిద్రపోతున్న అక్క కుడి జడ ఎడమ జడ కన్నా ఒక వేలు పొడుగ్గా ఉన్నట్టు ఆయనకి తోచింది. సమం చేశాడు. అప్పుడు ఎడమది పొడుగైంది. దాన్నీ సమం చేశాడు. మేజా బల్ల కాళ్ళు సమం చేయబోయి చివరికి పీట చేసిన వడ్రంగిలాగా, ఆయన ఆ పొద్దున సమం చేస్తూనే పోయాడు. బహుమతి ఫోటోలో అక్కగారు చెవుల పైకి కత్తిరించిన జుట్టుతో, ఆరిపోని కోపంతో ఉంటుంది. ఆ ఫోటో ఇప్పటికీ ఆవిడ హాల్లో ఉంది. తమ్ముడి వృత్తి జీవితం అక్కడే మొదలైందని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది.

మొదటి పదకొండు రోజులు కత్తెరాయన నిజంగానే ఋషిలా బతికాడు. రోజు విడిచి రోజు పొద్దున్నే నీళ్ళు పోశాడు, మెట్లు తుడిచాడు, దేవదారు వైపు చూసి నమస్కారం పెట్టినంత దూరంలోనే ఆగాడు. ఆగాడు గానీ చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది.

పొద ఎడమ భుజం మీద ఒక రెమ్మ మిగతావాటికన్నా అంగుళమున్నర బయటికి పొడుచుకొచ్చి ఉంది. నున్నగా దువ్విన తల మీద చెవి పక్కన ఒక్క వెంట్రుక లేచి నిలబడితే ఎలా ఉంటుంది? అలా. సెలూనులో గడ్డం గీస్తున్నా ఆ రెమ్మే కనబడేది. అన్నం ముందు కూర్చున్నా కళ్ళ ముందు అదే ఆడేది.

"ఏమండీ, పప్పు చల్లారిపోతోంది" అనేది ఆయన భార్య. ఆవిడ ఆస్పత్రిలో డ్రెస్సింగ్ గదిలో నర్సు. గాయాలు తప్ప ఆవిడని ఏదీ అంత త్వరగా కదిలించదు.

"ఒక్క రెమ్మేనే."

"వదినగారు చెయ్యి పెట్టొద్దన్నారు."

"చెయ్యి పెట్టను. కత్తెర పెడతా."

ఆవిడ అన్నం కలుపుకుంటూ ఆయన వైపు చూసింది. ఆ చూపులో, రేపు నా దగ్గరికే వస్తారు కట్టు కట్టించుకోవడానికి, అన్న అర్థం ఉంది. ఆయన దాన్ని అనుమతి అనుకున్నాడు.

లోకంలో జరిగే ఘోరాలు చాలా వరకు పొద్దున ఏడింటికి, పళ్ళు తోముకున్నాక, మంచి ఉద్దేశంతోనే జరుగుతాయి. పన్నెండో రోజున కత్తెరాయన చిన్న కత్తెర తీసి, రెండు సార్లు గాలిలో ఆడించి, ఆ రెమ్మని కోసేశాడు. ఎంత హాయి! వెనక్కి రెండడుగులు వేసి, తల పక్కకి వంచి, ఒక కన్ను మూసి చూశాడు. ఇప్పుడు కుడి భుజం కొంచెం ఎత్తుగా ఉంది. దాన్ని ఒక్క దెబ్బ తీశాడు. ఇప్పుడు ఎడమ వైపు లావుగా కనిపించింది. వేళ్ళ మధ్య ఆకుల్ని పట్టుకుని, దువ్వెనతో పైకి ఎత్తి, సెలూనులో ఎలా చేస్తాడో అలాగే, కిందనుంచి పైకి, చకచకా చకచకా...

ఆగిపోయాడు.

పచ్చదనం వెనకాల పచ్చదనం ఉంటుందనుకున్నాడు. లేదు. వేళ్ళ కింద ఒక చిల్లు పడింది. పళ్ళెమంత చిల్లు. అందులో గోధుమరంగు ఎండు పుల్లలు, రాలిన పాత సూదులు, ఒక సాలెగూడు, బోలెడంత చీకటి. తొమ్మిదేళ్ళుగా వీధంతా చూసి మురిసిన ఆ నిండైన పొద లోపల ఏమీ లేదు. పైన రెండంగుళాల పచ్చటి తొక్క, లోపల ఖాళీ. కత్తెరాయన ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నో తలలు చూశాడు గానీ, క్రాపు తీస్తూ తీస్తూ తల లోపలికి చూడవలసిన గతి ఎప్పుడూ పట్టలేదు.

కత్తెర మెట్ల మీద పెట్టేసి కూర్చుండిపోయాడు.  సెలూను ముందు మొదటి గిరాకీ వచ్చి, తాళం చూసి వెళ్ళిపోయాక గానీ లేవలేదు.

అయినా నమ్మకం అంత తేలిగ్గా చస్తుందా? ఇరవై ఎనిమిది రోజులున్నాయి. మనిషి జుట్టు నెలకి అరంగుళం. మొక్క అయితే అంతకన్నా గట్టిది, వాన పడితే ఇంకా గట్టిది. కత్తెరాయన సెలూనులో తలలు తడిపే స్ప్రే సీసా తెచ్చి పొద్దునా సాయంత్రం ఆ చిల్లు మీద నీళ్ళు కొట్టాడు. ఒకరోజు జుట్టు రాలకుండా రాసే నూనె సీసా చేతిలో పట్టుకుని వీధి దాటుతుండగా భార్య చూసింది.

"ఆ సీసా నాకివ్వండి."

"ఒక్క నాలుగు చుక్కలే..."

"దీన్ని మీ నెత్తి మీద పదేళ్ళ నుంచి రాస్తున్నారు కదా. ఏం మొలిచింది?"

ఆయన తల తడుముకుని సీసా ఇచ్చేశాడు.

ఈలోగా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మొదటి కన్ను ఆపరేషను అయిన మర్నాడు అక్కగారు చేసింది.

"దేవదారు ఎలా ఉంది?"

"ఉందక్కా."

"ఉందని నాకూ తెలుసు. ఎలా ఉందీ అని."

"నీళ్ళు పోస్తున్నా. రోజు విడిచి రోజు. తప్పట్లేదు."

"నేనడిగింది చెట్టు గురించి. నువ్వు చెబుతున్నది నీళ్ళ గురించి."

"నీ కన్నెలా ఉందక్కా?"

అవతలిది మామూలు చెవి కాదు. ముప్పై ఏళ్ళ పాటు లైన్ల మీద భర్తల అబద్ధాలు, వ్యాపారస్తుల అబద్ధాలు, అధికారుల అబద్ధాలు విన్న చెవి అది.

"బాగుంది" అంది. "గోడ మీద బల్లి కాళ్ళు లెక్కపెట్టగలుగుతున్నాను. ఇంకో కన్ను కూడా అయ్యాక ఇంటికొచ్చి అన్నీ లెక్కపెడతా."

అప్పటిదాకా కత్తెరాయనకి ఈ కోణం తట్టలేదు. అక్కగారికి నాలుగైదేళ్ళుగా చూపు మసక. ఎదురుగా వచ్చేది మనిషో స్తంభమో గొంతు వింటే గానీ తెలిసేది కాదు. అలాంటి అక్కే తిరిగొస్తుందన్న ఆశ ఎక్కడో మూల ఉంది. కానీ ఆవిడ వెళ్ళింది చూపు బాగుచేయించుకోవడానికి. ఆ సంగతి ముందే తెలిసిన మనిషికి ఇప్పుడు కొత్తగా తెలిసినట్టు చెమటలు పట్టాయి.

ఇరవై ఆరో రోజుకి కూడా చిల్లులో ఒక్క పచ్చటి చుక్క కనిపించలేదు. సెలూను గోడ మీద ఎర్ర గుర్తు పక్కన ఇంకో గుర్తు చేరింది, తేదీతో సహా. ఇక తప్పక ఒక రెమ్మ కాగితంలో చుట్టుకుని బస్సెక్కి నర్సరీకి వెళ్ళాడు. అక్కడి యజమానురాలు, మొక్కలావిడ, మట్టి చేతులతో కాగితం విప్పి చూసింది.

"పొట్టి దేవదారు. ఎక్కడ కోశారు, పచ్చ మీదా, లోపలా?"

"కొంచెం... లోపలే."

"గోధుమరంగు కనిపించేదాకా?"

"కనిపించింది."

"ఇక రాదు."

"నెల పడుతుందాండీ?"

"రాదన్నాను."

"రెండు నెలలు?"

మొక్కలావిడ చేతులు దులుపుకుంది. "చూడండి. గులాబీ అనుకున్నారా, మొదలంటా కోస్తే తన్నుకురావడానికి? ఈ జాతికి పచ్చ ఉన్నచోటే చిగురు కన్ను ఉంటుంది. ఎండు కొమ్మకి ఉండదు. కోసినచోట కోసినట్టే ఉంటుంది, పదేళ్ళయినా సరే. పచ్చ చివర్లు అరంగుళం గిల్లుకోవచ్చు, అంతకు మించి కత్తెర పెట్టకూడదు. ఏ పుణ్యాత్ముడు కోశాడు దీన్ని?"

"మాకు తెలిసినాయనేనండి."

"చేతులు విరగ్గొట్టండి."

"మంచివాడేనండీ పాపం."

"మంచివాళ్ళే కోస్తారు. దొంగలు ఊరికే ఎత్తుకుపోతారు, మొక్కయినా బతుకుతుంది."

కత్తెరాయన అక్కడే ఒక బోర్లించిన కుండీ మీద కూర్చున్నాడు. కోసినది పెరగదు. ఈ వాక్యం ఆయన చెవికి, రాళ్ళు పైకి పడతాయి అన్నట్టు వినిపించింది. ఆయన ఎంత తెల్లబోయాడంటే మొక్కలావిడకే జాలి కలిగి, మంచినీళ్ళిచ్చి, ఒక ఉపాయం చెప్పింది: చిల్లు చుట్టూ ఉన్న పచ్చ రెమ్మలకి బాగా ఎండ తగిలితే అవి పక్కలకి సాగి నాలుగైదేళ్ళలో కొంత కప్పవచ్చు. తొట్టి కొంచెం తిప్పి చూడండి.

ఇంత ఉపన్యాసంలో కత్తెరాయన చెవికెక్కింది ఒక్కటే మాట: తిప్పడం. తొట్టి తిప్పితే చిల్లు గోడ వైపు పోతుంది! వీధి వైపు వెనక భాగం వస్తుంది. ఎవరూ తాకని, కత్తెర ఎరగని, తొమ్మిదేళ్ళ అఖండ పచ్చదనం. బస్సులో ఇంటికొస్తూ ఆయన ఈల కూడా వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తొట్టి దగ్గర చేరారు. సిమెంటు తొట్టి, తొమ్మిదేళ్ళ మట్టి, నిండుగా నీళ్ళు తాగి ఉంది. కింద గోనెపట్టా దూర్చి, ఆయన అటు లాగి, ఆవిడ ఇటు తోసి, వేళ్ళు నలిగి, మధ్యలో రెండు సార్లు నీ వల్లే అంటే నీ వల్లే అనుకుని, మొత్తానికి తిప్పారు.

తిప్పి, నడుములు పట్టుకుని, వెనక్కి జరిగి చూశారు.

భార్య ఒకడుగు ముందుకేసి వంగి చూసింది.

వెనక భాగం ఆసాంతం బోడిగా ఉంది. పైనుంచి కింది దాకా ఒక్క సూది లేదు. గోడకి ఆనుకుని, తొమ్మిదేళ్ళుగా ఎండ మొహం ఎరగక, ఆ వైపు ఎప్పుడో ఎండిపోయింది. నాటకాల రంగస్థలం మీద రాజప్రాసాదాన్ని వెనకనుంచి చూస్తే వెదురుబద్దలు, మేకులు కనిపిస్తాయే, అలా ఉంది. కత్తెరాయన చేసిన పళ్ళెమంత చిల్లు దీని ముందు బొట్టుబిళ్ళ.

భార్య అంది: "ఇది మీ పని కాదు కదా?"

"ఒట్టు. నా కత్తెర అటు పోనేలేదు."

"వదినగారికి తెలుసంటారా?"

"తెలిస్తే పది నిమిషాలు ఫోనులో దేనిగురించి చెబుతుందే?"

 ముందు తమ్ముడు చేసిన చిల్లు. వెనక దైవం చేసిన బోడి. ఏది వీధికి చూపించాలి? కాసేపు ఆలోచించి, ఇద్దరూ మళ్ళీ గోనెపట్టా పట్టుకుని తొట్టిని మొదట్లాగే తిప్పేశారు. ఈసారి నీ వల్లే అని ఎవరూ అనుకోలేదు.

"చెప్పెయ్యండి" అంది భార్య, వేలికి గుడ్డ చుట్టుకుంటూ. "గాయం మీద గుడ్డ కప్పితే చీము పడుతుంది. రోజూ చూస్తున్నాను."

"చెబితే గది ఇవ్వదు."

"చెప్పకపోతే?"

"అప్పుడూ ఇవ్వదు."

"మరింకేం, చెప్పడం సుఖం కదా."

నలభయ్యో రోజు ఉదయం టాక్సీ వచ్చి ఆగింది. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. కత్తెరాయన సెలూనులోంచి పరుగెత్తుకొచ్చాడు, భుజం మీద తువ్వాలుతోనే. లోపల ఒక పెద్దమనిషి సగం గడ్డంతో, సగం నురగతో కూర్చుని ఉన్నాడు.

నల్ల కళ్ళద్దాలతో అక్కగారు దిగింది. గేటు పట్టుకుని ఆగిపోయింది.

"ఈ గేటు నీలమా?"

"నీలమే అక్కా. మూడేళ్ళుగా."

"నేను బూడిదరంగు అనుకుంటున్నానురా." గోడ వైపు చూసింది. "ఈ మరకలేంటి? ఇంత మురికి గోడ నాదా? ఆ పరదా చిరిగి ఉందే! నేను వెళ్ళాక చిరిగిందా, ముందునుంచీ ఇంతేనా?" ఆవిడ గొంతులో కోపం లేదు, దొంగలు పడ్డ ఇంట్లోకి అడుగు పెట్టినవాళ్ళ దిగ్భ్రమ ఉంది. అడుగడుక్కీ ఒక నిజం ఆవిడ మొహాన తగులుతోంది.

ఇంకో మూడడుగులు వేస్తే దేవదారు వస్తుంది. కత్తెరాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఇరవై ఎనిమిది రోజులుగా కూడబెట్టుకున్న ఉపోద్ఘాతమంతా ఆవిరైపోయింది.

"అక్కా, నేను చెట్టు కోశాను. సమం చేద్దామని. అది పెరగదట. నర్సరీలో కనుక్కున్నాను. ఎప్పటికీ పెరగదట."

అక్కగారు కళ్ళద్దాలు తీసి ఆయన మొహంలోకి చూసింది. చూసి, ఒకడుగు వెనక్కి వేసింది.

"ఒరేయ్... నువ్వేనా?"

"నేనే అక్కా."

"ఏంట్రా ఇదంతా? ఆ ముడతలేంటి? నీ జుట్టు... నీ జుట్టేదిరా?"

"నాలుగేళ్ళయిందక్కా పోయి."

"ఎవరూ చెప్పలేదే!"

తమ్ముడి నల్ల జుట్టు అయిదేళ్ళ కిందటిది, ఆవిడ మసక కళ్ళ వెనక అలాగే ఉండిపోయింది. గొంతు మారలేదు కాబట్టి మనిషీ మారలేదనుకుంది. ఆవిడ చెయ్యి పైకి లేచి, ఆయన బట్టతల దాకా వచ్చి, తాకకుండానే దిగిపోయింది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు గబగబా మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. హాల్లో అద్దం ఉంది. తలుపు వేసుకున్న చప్పుడైంది.

మొగుడూ పెళ్ళాం మెట్ల మీద కూర్చున్నారు.  ఎదుటి సెలూనులోంచి నురగ ఆరిపోయిన పెద్దమనిషి ఒకసారి బయటికి తొంగి చూసి, పరిస్థితి గంభీరమని గ్రహించి, లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. అక్కగారి కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. అది ఆపరేషను ఎరుపే అయి ఉంటుందని ఇద్దరూ మర్యాదగా అనుకున్నారు.

"ముసలిదాన్నైపోయానని ఒక్క మాటైనా చెప్పలేదు ఒక్కళ్ళూ" అంది, ఎవరితోనో ఫిర్యాదు చేస్తున్నట్టు. "సరే. చెట్టెక్కడ?"

తొట్టి ముందు నిలబడి చిల్లులోకి చూసింది. వేలు పెట్టి చూసింది. సాలెగూడు కూడా చూసింది.  తరవాత, ఆవిడ సూపర్‌వైజరు కదా, పక్కకి వంగి, గోడకీ పొదకీ మధ్య సందులోంచి వెనక్కి చూసింది.

"ఇది కూడా నువ్వేనా?"

నిజానికి ఇక్కడ కత్తెరాయనకి అన్యాయం జరగబోతోంది. ఆయన నిలువునా లేచాడు. "కాదక్కా! అది గోడ!"

"గోడ కోసిందా?"

"ఎండ తగలక ఎండిపోయిందట. ఎన్నేళ్ళయిందో. కావాలంటే మొక్కలావిడని అడుగు. తొట్టి తిప్పుదామని చూస్తే..."

"తొట్టెందుకు తిప్పావు?"

కత్తెరాయన భార్య వైపు చూశాడు. ఆవిడ ఆకాశం వైపు చూసింది.

"చిల్లు గోడ వైపు పెట్టి దాచేద్దామని" అన్నాడు.

అక్కగారు మెట్టు మీద కూర్చుంది. సగం చెట్టు. తొమ్మిదేళ్ళుగా సగం చెట్టు గురించి, ఊరూరా ఉన్న ఇరవై మంది ఆపరేటర్లకి, పది పది నిమిషాలు. ఆవిడ ఆ కాల్స్ అన్నీ వరసగా మళ్ళీ వింటున్నట్టు కూర్చుంది. మధ్యలో ఒకసారి "వాళ్ళకి తెలుసేమో" అంది. ఇంకోసారి తల అడ్డంగా ఊపింది. కత్తెరాయన నిలబడే ఉన్నాడు. గది పోయిందని ఆయనకి ఇప్పుడు ఖాయమైపోయింది. మిగిలిన నాలుగు రోజుల్లో కుర్చీ ఎక్కడ పెట్టాలి, అద్దం ఎవరింట్లో దాచాలి అని మనసులో ఏర్పాట్లు కూడా మొదలుపెట్టాడు.

"ఆ బీరువాలు రెండూ వెనక గదిలోకి జరుపు" అంది అక్కగారు.

"ఎందుకక్కా?"

"నీ కుర్చీ ఎక్కడ పడుతుందిరా మరి?"

కత్తెరాయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. భార్యకి ముందే అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గది... ఇస్తున్నావా?"

"దాచేద్దామనుకున్నావు, దాచకుండా దారిలోనే చెప్పావు. తొట్టి తిప్పావని కూడా చెప్పావు. నా ఎక్స్‌ఛేంజీలో ఇన్నేళ్ళలో ఆ మాత్రం చెప్పినవాణ్ణి నేను వినలేదు." ఆవిడ లేచింది. "కానీ ఒక షరతు. ఈ తొట్టి నీ గుమ్మం పక్కనే ఉండాలి. నువ్వు కోసిన వైపు రోడ్డుకి."

"అక్కా!"

"బోర్డు కట్టించుకోవాలి కదా నువ్వు. ఇదే నీ బోర్డు. వచ్చేవాళ్ళకి ముందే తెలియాలి, ఎవరి చేతిలో తల పెడుతున్నారో."

"గిరాకీ ఎవరొస్తారక్కా అది చూసి?"

"రాకపోతే మరీ మంచిది. నాకు చప్పుడు పడదు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవే."

"ఎండ కూడా తగులుతుంది కదండీ" అంది ఆవిడ. "మొక్కలావిడ చెప్పింది చెయ్యొద్దూ?"

న్యాయస్థానాలలో ఇద్దరు న్యాయమూర్తులు ఏకాభిప్రాయానికి వస్తే అప్పీలు ఉండదు. కత్తెరాయన తువ్వాలు నడుముకి చుట్టి, గోనెపట్టా దూర్చి, తొట్టిని గోడ నుంచి గుమ్మం వైపు జరపడం మొదలుపెట్టాడు. సగం గడ్డం పెద్దమనిషి ఇక లాభం లేదని వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. అక్కగారు రోడ్డు దాటి అవతల అరుగు మీద నిలబడి, కొత్త కళ్ళు చిట్లించి చూసింది.

"ఇంకొంచెం ఎడమకి తిప్పు. ఇంకా. ఇక్కణ్ణుంచి కనబడట్లేదు."

తిప్పాడు.

"ఇంకొంచెం."

తిప్పాడు.

"ఆఁ. చాలు. ఇప్పుడు బ్రహ్మాండంగా కనబడుతోంది."